కుంకుడు నురుగు – సబ్బు నురుగు

పొదిలి, మార్కాపురముల నడుమ కొనకనమిట్ల కలదు. ఈ చుట్టుపట్ల గ్రామములలో పెక్కు బావుల నీటిలో సబ్బు అరుగును గాని నురుగు రాదు. మెత్తని నీటికి అలవాటుపడిన చుట్టము ఇక్కడ సబ్బుతో తలస్నానము చేసినచో, జిడ్డు వదలలేదనియు, వెండ్రుకలు అట్టకట్టినవనియు చెప్పును. అదే నీటిలో నాలుగు కుంకుడుకాయలు నలిపినచో గిన్నె నిండ నురుగు వచ్చును. నీరొకటే, గిన్నె యొకటే, ఈ భేదమెందులకు?

ఈ చిన్న ప్రశ్న వెనుక శుభ్రతాసాధనముల చరిత్ర యంతయు ఇమిడియున్నది. ఈ చరిత్ర నెరుగుట వలన ఒక లాభము కూడ కలదు. తక్కువ ఖర్చుతో జుట్టును, చర్మమును కాపాడుకొనగోరు వారు పెరటి వస్తువులలో దేనిని నమ్మవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయించుకొనవచ్చును.

బట్టకు చౌడు, తలకు కుంకుడు, ఒంటికి పిండి

సబ్బు రాకముందు మన పూర్వులు మూడు విధములైన సాధనములను వాడుచుండిరి. మొదటిది మట్టి. చౌటిమన్నులో సోడియం కార్బొనేటు అను క్షారము ఉండును. చాకిరేవులలో బట్టలకు చౌడు పట్టించి ఉబ్బ పెట్టుటలోని రహస్యమిదియే. క్షారము బట్టలోని జిడ్డుతో కలిసి, కొంత జిడ్డును అక్కడికక్కడే సబ్బుగా మార్చును. రెండవది కాయ. కుంకుడు, సీకాయ ఈ జాతిలోనివి. మూడవది పిండి. పెసలు, సెనగలు మున్నగువానిని విసరి, పసుపు కలిపి చేసిన సున్నిపిండితో నలుగు పెట్టుకొనుట మన యిండ్లలో నేటికిని ఉన్నది. పిండిలోని రేణువులు నూనెను పీల్చుకొనును. రుద్దుట వలన చర్మముపై నున్న మృతకణములు రాలిపోవును.

ఈ విభజన ప్రాచీనమైనది. మనుస్మృతి ఐదవ అధ్యాయములో ద్రవ్యశుద్ధిని గూర్చి చెప్పుచు, పట్టు, ఉన్ని వస్త్రములకు ఊషమును, కంబళములకు అరిష్టమును విధించిరి. ఊషమనగా చౌటిమన్ను, అరిష్టమనగా కుంకుడుకాయ. కుంకుడునకు సంస్కృతమున ఫేనిలమను పేరు కూడ కలదు. ఫేనమనగా నురుగు. వాత్స్యాయనుని కామసూత్రములో నాగరకుని దినచర్యను వర్ణించుచు, నిత్యము స్నానము, రెండవనాడు ఒడలు మర్దించుట, మూడవనాడు ఫేనకమును వాడుట అని క్రమమును చెప్పిరి. కావున నురుగుతో శుభ్రపడుట మనకు సబ్బుతో వచ్చిన అలవాటు కాదు.

బట్టకు వాడిన చౌడును తలకేల వాడలేదని విద్యార్థులు అడుగవచ్చును. తీవ్రమైన క్షారము నూలుబట్టను అంతగా బాధింపదు. వెండ్రుక మాత్రము కెరటిన్ అను ప్రోటీనుతో నిర్మితమైనది. దాని పైపొరలో ఇంటి పెంకుల వలె ఒకదానిపై నొకటి అమరిన పొలుసులుండును. క్షారము తగిలినపుడు వెండ్రుక ఉబ్బి, పొలుసులు లేచి నిలుచును. అట్టి వెండ్రుకలు ఒకదాని నొకటి పట్టుకొని చిక్కుపడును. మన పూర్వులకు కెరటిన్ తెలియదు, చిక్కు తెలియును. అనుభవమే వారిని కుంకుడు వైపు నడిపినది.

కుంకుడులో నేమున్నది?

స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో ఈ చెట్ల ప్రజాతికి సాపిండస్ అని నామకరణము చేసెను. లాటిన్ భాషలో సాపో అనగా సబ్బు, ఇండస్ అనగా భారతదేశమునకు చెందినది. కలిపిన "భారతీయ సబ్బు" అని అర్థము. మన ప్రాంతపు కుంకుడు సాపిండస్ ఎమార్జినేటస్ అను జాతికి చెందినది.

కుంకుడుకాయ పైతొక్కలో సపోనిన్ లను పదార్థములున్నవి. గింజలో మనకు పనికివచ్చునది లేదు. అందుచేతనే గింజ తీసి కొట్టుదురు. సపోనిన్ అణువునకు రెండు భాగములు. ఒక భాగము చక్కెరలతో నిర్మితమై నీటిని ప్రేమించును. రెండవ భాగము నూనెను ప్రేమించును. నూనెవైపు భాగము జిడ్డులోనికి చొచ్చుకొనిపోగా, చక్కెర భాగము నీటిలో నిలిచియుండును. నీరు పోసినపుడు జిడ్డు చిన్న బిందువులుగా విడివడి కొట్టుకొనిపోవును. సబ్బు పనిచేయు విధానము కూడ ఇదియే. భేదము ఒక్కటే: సబ్బు అణువు నీటిలో విద్యుదావేశము గల అయానుగా విడిపోవును; సపోనిన్ అట్లు అయానుగా మారదు. ఈ భేదమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మొదట అడిగిన ప్రశ్నకు సమాధానము ఇక్కడనే యున్నది.

కొనకనమిట్లకు పడమరగా నల్లమల అడవులు వ్యాపించియున్నవి. అచ్చటి చెంచులు తేనె, చింతపండు, ఉసిరి, కుంకుళ్ళు మున్నగు అటవీఫలములను సేకరించుట ఎంతోకాలముగా ఉన్నది. ఇట్టి సరకును గిరిజనుల వద్ద నుండి కొనుటకు 1956లో విశాఖపట్నము కేంద్రముగా ఒక సహకార సంస్థ ఏర్పడెను. అదియే నేటి గిరిజన సహకార సంస్థ. ఇంటికి తెచ్చుకొను కుంకుడుకాయ వెనుక చెట్టెక్కి కాయ దులిపిన చేయి కలదు. ఆ చేతికి దక్కు ధర కూడ ఈ చరిత్రలోని భాగమే.

సబ్బు రాక

బూడిద క్షారమును కొవ్వుతో కలిపి కాచి సబ్బు చేయుట పశ్చిమాసియా, మధ్యధరా దేశములలో ప్రాచీనవిద్య. మన "సబ్బు" అను మాట కూడ అరబ్బీ సాబూన్, లాటిన్ సాపో అను మాటలతో చుట్టరికము గలదే. అయినను చాలకాలము సబ్బు ఖరీదైన వస్తువుగనే యుండెను. దానిని సామాన్యునికి అందించినవి రెండు శాస్త్రవిజయములు. ఫ్రాన్సు దేశములో నికొలా లెబ్లాంక్ ఉప్పు నుండి సోడాను తయారుచేయు పద్ధతికి 1791లో పేటెంటు పొందెను. అదే దేశస్థుడగు షెవ్రెల్ కొవ్వుల నిర్మాణమును పరిశోధించి, 1823లో తన గ్రంథమును ప్రకటించెను. కొవ్వు అనగా గ్లిసరిన్, కొవ్వు ఆమ్లముల కలయిక యనియు, క్షారముతో కాచినపుడు ఆమ్లము క్షారముతో చేరి సబ్బగుననియు దీని వలన స్పష్టపడెను.

1888లో ఇంగ్లండునందలి లీవర్ సోదరుల సబ్బు పెట్టెలు కలకత్తా రేవునకు దిగెను. మొదటి ప్రపంచయుద్ధము వలన ఐరోపాకు గంధపుచెక్క ఎగుమతులు నిలిచిపోగా, మైసూరు సంస్థానము ఆ చెక్క నుండి తానే తైలము తీయించి, 1916లో బెంగుళూరున సబ్బుల కర్మాగారమును స్థాపించెను. సోసలె గరళపురి శాస్త్రి యను రసాయనవేత్త లండనులో శిక్షణ పొంది వచ్చి, గంధపు సబ్బును రూపొందించెను. ఇట్లు స్వదేశీ సబ్బు స్నానపు గదిలో ప్రవేశించెను.

షాంపూ కథ మరింత వింతైనది. ఈ మాట మన దేశమునుండియే బయలుదేరినది. హిందీలో చాంపో అనగా "ఒత్తుము, మర్దించుము" అని అర్థము. 1759లో పాట్నాలో జన్మించిన దీన్ మహమ్మద్ ఇంగ్లండునకు పోయి, బ్రైటన్ పట్టణమున స్నానశాల నెలకొల్పి, మర్దనతో కూడిన ఆవిరి స్నానములకు పేరుపొందెను. 1822లో షాంపూయింగ్ గురించి ఒక పుస్తకము కూడ ప్రకటించెను. మర్దనకు పేరైన ఆ మాట క్రమముగా తల కడుగుటకును, ఆ పైన కడుగు ద్రవమునకును పేరయ్యెను. 1934లో అమెరికాలో సబ్బు కాని కృత్రిమ క్షాళకముతో చేసిన షాంపూ విక్రయమునకు వచ్చెను. మన దక్షిణాదిలో తమిళనాడునందలి కడలూరులో చిన్ని కృష్ణన్ షాంపూను చిన్న పొట్లములలో నింపి అమ్మవచ్చునని చూపెను. 1983లో ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ నెలకొల్పిన సంస్థ ఆ పొట్లమును పల్లెల కిరాణా కొట్టులలో తోరణముగా వ్రేలాడదీసినది.

కుంకుడు వెనుకబడుటకు కారణము దాని బలహీనత కాదు. రాత్రి నానబెట్టుట, ఉదయము పిసికి వడపోయుట, కంటిలో పడకుండ పిల్లల తలంటుట – ఈ శ్రమ యంతయు ఇంటి ఆడవారిదే. పొట్లము చింపిన క్షణములో పని ముగియును. ఖర్చులను లెక్కించునపుడు ఈ శ్రమను కూడ లెక్కలో వేయవలెను. తలంటు పని ఇంటిలో అందరును పంచుకొన్నప్పుడే కుంకుడు నిజముగా చవుక.

నీటి గుణము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మార్కాపురము, కంభము ప్రాంతములలో పలకరాయి ప్రసిద్ధము. దాని మధ్య సున్నపురాతి జాతి శిలలును కలవు. నేలలోనికి ఇంకిన వాననీరు శిలలలోని కాల్షియం, మెగ్నీషియం లవణములను కరిగించుకొని కఠినజలమగును. సబ్బు సోడియం లవణము గనుక నీట కరగును. కాని కఠినజలములో కాల్షియం సోడియంను త్రోసివేసి, కొవ్వు ఆమ్లముతో తాను చేరును. ఇట్లేర్పడిన కాల్షియం సబ్బు నీట కరగదు. తెల్లని తెట్టుగా విరిగి తలకు, బకెట్టు అంచుకు అంటుకొనును. చుట్టము జిడ్డని చెప్పినది ఈ తెట్టునే.

ఒక చిన్న లెక్క చేయుదము. లీటరు నీటిలో కాల్షియం కార్బొనేటుగా లెక్కించిన కాఠిన్యము 300 మిల్లీగ్రాములున్నదనుకొందము. కాల్షియం కార్బొనేటు అణుభారము 100. సోడియం స్టియరేటు అను సబ్బు అణుభారము 306. ఒక కాల్షియం అయాను రెండు సబ్బు అణువులను మింగును. ఆ లెక్కన లీటరుకు సుమారు 1.8 గ్రాములు, 20 లీటర్ల బకెట్టుకు సుమారు 37 గ్రాములు సబ్బు వ్యర్థమైన పిదపనే మొదటి నురుగు నిలుచును! మనము బకెట్టు నీరంతయు సబ్బుతో కలుపము గాని, ఒంటిపైనను, తలపైనను జరుగునది ఇదే క్రియ. సబ్బు త్వరగా అరిగిపోవుటకు కారణము పిల్లల దుబారా యొక్కటే కాదు.

సపోనిన్ అయానుగా మారదు గనుక కాల్షియంనకు చిక్కదు. అందుచేతనే బావినీటిలో కుంకుడు నురుగిచ్చును. కృత్రిమ క్షాళకములు గల షాంపూ కూడ కఠినజలములో నురుగిచ్చును. వాని కాల్షియం లవణములు నీట కరగుటయే కారణము. న్యాయముగా చెప్పవలెనన్న, ఓడినది సబ్బు మాత్రమే.

ఇచ్చట ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయవలసియున్నది. నురుగు బాగుగా వచ్చు నీరు త్రాగుటకు కూడ మంచిదని భావింపరాదు. నురుగు కాఠిన్యమును మాత్రమే తెలుపును. ఫ్లోరైడును తెలుపదు. ఫ్లోరైడు హెచ్చుగానున్న నీరు పలుచోట్ల కాల్షియం తక్కువగల మెత్తని నీరే యగుట కూడ కలదు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడు వరకు నెల్లూరు జిల్లాలోనివి. త్రాగునీటి ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసిపోవు వ్యాధిని మన దేశమున మొదట శాస్త్రీయముగా వర్ణించిన 1937 నాటి పరిశోధన ఆ నెల్లూరు జిల్లాను గూర్చినదే. భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు అనుమతింతురు. దీనిని ప్రయోగశాలలో పరీక్షించియే తెలిసికొనవలెను.

పసుపు చెప్పు సాక్ష్యము

ఈ విషయమును పాఠశాలలో ఖర్చు లేకుండ పరీక్షింపవచ్చును. పులిహోర మరక పడిన తెల్లచొక్కాకు సబ్బు రుద్దినపుడు మరక ఎర్రబారుట అందరు చూచినదే. పసుపులోని కర్క్యుమిన్ క్షారములో ఎరుపుగా మారును. సున్నము కలిపిన పసుపు పారాణి యగుట కూడ ఇందువలననే. కర్క్యుమిన్‌ను వోగెల్, పెల్లెటియర్ అను శాస్త్రజ్ఞులు 1815లో పసుపు నుండి వేరుచేసిరి.

తెల్లకాగితపు ముక్కలను పసుపునీటిలో ముంచి ఆరబెట్టవలెను. ఒకదానిపై సబ్బునీరు, రెండవదానిపై చాకలిసోడా నీరు, మూడవదానిపై కుంకుడు రసము, నాలుగవదానిపై షాంపూ నీరు ఒక్కొక్క చుక్క వేయవలెను. సోడా, సబ్బు వేసినచోట ఎరుపు కనబడును. కుంకుడు రసము స్వల్పముగా ఆమ్లగుణము గలది గనుక రంగు మారదు. షాంపూలు సాధారణముగా రంగు మార్చవు. ఎర్రబడిన కాగితముపై నిమ్మరసము వేసినచో మరల పసుపు రంగు వచ్చును.

దీనికి చర్మముతో సంబంధమేమి? ఆరోగ్యవంతమైన చర్మము పైభాగము స్వల్పముగా ఆమ్లగుణము కలిగియుండును. 1928లో జర్మనీ శాస్త్రజ్ఞులు షాడె, మార్కియోనిని దీనికి "ఆమ్లకవచము" అని పేరుపెట్టిరి. సబ్బు ఆ కవచమును కొంతసేపు పలుచన చేయును. ఆరోగ్యముగల చర్మము దానిని తిరిగి ఏర్పరచుకొనును. కాని పొడిచర్మము, గజ్జి, తామర మున్నగునవి గలవారు మాటిమాటికి సబ్బు వాడినచో మంట హెచ్చును.

ఏవి నిలిచినవి? ఏవి నిలువలేదు?

ప్రకృతిలో పుట్టినదెల్ల మేలుచేయుననుటయు, కొట్టులో కొన్నదెల్ల మేలైనదనుటయు రెండును మూఢవిశ్వాసములే. ఒక్కొక్క వస్తువును పరీక్షకు నిలువబెట్టవలెను.

కొబ్బరినూనె పరీక్షకు నిలిచినది. తల కడుగుటకు ముందుగాని, పిదపగాని రాసినచో వెండ్రుకలు ప్రోటీనును కోల్పోవుట తగ్గునని 2003లో ప్రకటితమైన ప్రయోగములు చూపినవి. పొద్దుతిరుగుడు నూనెకు, ఖనిజతైలమునకు ఆ గుణము కనబడలేదు. ఆ పరిశోధకులు కొబ్బరినూనె విక్రయించు సంస్థకు చెందినవారని కూడ పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఆముదము చిక్కనిది, వెండ్రుకపై పొరగా నిలిచి మెరుపునిచ్చును. కాని కొత్త వెండ్రుకలను మొలిపించునని నమ్ముటకు తగిన ఋజువు లేదు. చుండ్రునకు నూనె మందనుట పొరపాటు. చుండ్రులో పాలుగొను మలసీజియా యను శిలీంధ్రము కొవ్వునే ఆహారముగా గొనును. నూనె నిలువయుంచినచో దానికి విందు చేసినట్లగును.

గోరింటాకులోని లాసోన్ అను పదార్థము కెరటిన్‌తో గట్టిగా బంధించుకొనును గనుక రంగు నిలుచును. ఆ రంగు నారింజ–ఎరుపు మాత్రమే. నిమిషములలో నల్లగా పండు గోరింటాకు పొడి యని అమ్మునది కనబడినచో అనుమానింపవలెను. పారాఫెనిలీన్ డయమైన్ అను రసాయనము అందు కలిపియుండవచ్చును; అది కొందరికి తీవ్రమైన పొక్కులు, వాపు కలిగించును. పసుపు పరీక్షానాళికలో కొన్ని సూక్ష్మజీవులను అడ్డునను మాట నిజమే. దాని నుండి ముఖము తెల్లబడునను నిర్ణయమునకు దుముకరాదు. నిమ్మరసము ముఖమునకు పట్టించి ఎండలో తిరుగుట అపాయకరము. దానిలోని ఫ్యూరోకౌమరిన్ లు ఎండ సోకినపుడు చర్మమును బొబ్బలెక్కించి, నల్లమచ్చలను మిగుల్చును.

కుంకుడు రసము కూడ దోషరహితము కాదు. కంటిలో పడినచో తీవ్రముగా మండును. సపోనిన్ లు చేపలకు విషము. కావున ఆ నీటిని చెరువులోనికి వదలరాదు. రసము ఒకటి రెండు దినములలోనే పులిసిపోవును. ఏ పూటకు ఆ పూటనే చేసికొనవలెను.

ఖర్చు తక్కువ పద్ధతి

ఎనిమిది పది కాయలను గింజ తీసి, గోరువెచ్చని నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయము పిసికి గుడ్డతో వడపోయవలెను. కొన్ని మందారాకులు నలిపి చేర్చినచో, ఆకులోని జిగురు వెండ్రుకలకు నునుపునిచ్చి చిక్కు తగ్గించును. వెనుకకు తల వంచి పోసికొన్నచో కన్నులకు బాధ యుండదు. సబ్బే వాడువారు పైకాగితముపై "టి.ఎఫ్.ఎమ్." అను అంకెను చూడవలెను. సబ్బులో కొవ్వు పదార్థము నూటికెంతయో అది తెలుపును. స్నానపు సబ్బులలో మొదటి తరగతికి 76, రెండవ తరగతికి 70, మూడవ తరగతికి 60 శాతము కనీసముగా ప్రమాణము నిర్ణయించిరి. ఇంటి కప్పు మీది వాననీటిని పట్టి స్నానమునకు వాడినచో, ఆ కొద్ది సబ్బే రెట్టింపు పనిచేయును.

ఉపాధ్యాయులకొక మనవి. ఒకే కొలత గల రెండు సీసాలు తీసికొని, ఒకదానిలో వాననీరు, వేరొకదానిలో ఊరి బావినీరు పోయించి, సమానముగా సబ్బు చిదుపలు వేసి ఊపించుడు. నురుగు ఎంత ఎత్తు వచ్చినదో, ఎంతసేపు నిలిచినదో పిల్లలచే పలకపై వ్రాయించుడు. పిదప అదే బావినీటిలో కుంకుడు రసము వేయించుడు. ప్రతి విద్యార్థి తన వీధి నీటిని తెచ్చినచో, ఒక వారములో గ్రామమునందలి నీటి కాఠిన్యపు పటము సిద్ధమగును. ఆ పటమును పంచాయతీకి ఇచ్చి, ఫ్లోరైడు పరీక్ష కూడ చేయింపుడని అడుగవచ్చును. పాఠశాల ఆవరణలో ఒక కుంకుడు మొక్కను కూడ నాటుడు. అది కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. నాటిన పిల్లల తరువాతి తరగతులవారు దాని కాయలతో ఈ ప్రయోగమునే మరల చేయగలరు.